డ్యూయల్ ఆడియో అని నమ్మించి మోసం చేశాడు, నరసాపురం వెళ్లి కొనేవారు చూసుకోండి

ఇప్పుడే గోదావరి దాటించే పంటు దిగి ఇంటికి వచ్చాను. కోపం తగ్గాక రాద్దామనుకుంటే ఈలోగా మరొకరు వెళ్లి కొనేస్తారు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

పెన్‌డ్రైవ్‌లో యానిమే (జపాన్ బొమ్మల) సిరీస్‌లు ఎక్కించి అమ్మేది ఎవరో మన వైపు చూసేవారికి చెప్పనక్కరలేదు. సఖినేటిపల్లి నుంచి రేవు దాటి వెళ్లి అతని దగ్గర 'మాన్‌స్టర్' 74 భాగాలూ, జపనీస్, ఇంగ్లిష్ రెండు ఆడియోలతో, 600 రూపాయలకు కొన్నాను. దొంగ కాపీ అని తెలిసే కొన్నాను. ఆ తప్పు నాదే.

రెండు ఆడియోలూ ఎందుకు కావాలో అతనికి ముందే చెప్పాను. మా తమ్ముడికి చూపు చాలా తక్కువ. తెర మీద కదలికలు తెలుస్తాయి గానీ కింద వచ్చే సబ్‌టైటిళ్లు చదవలేడు. ఇంగ్లిష్‌లో మాటలు వినబడితేనే వాడికి కథ. ఈ సిరీస్‌లో పోట్లాటలు తక్కువ, మాటలే ఎక్కువ. జర్మనీలో పనిచేసే జపాన్ డాక్టరు టెన్మా, తలలో తూటా దిగిన ఒక పిల్లవాడిని బతికిస్తాడు. ఆ యోహాన్ పెద్దయ్యాక, గొంతు పెంచకుండా మాట్లాడుతూనే మనుషులను చావు దాకా నడిపిస్తాడు. మాట అర్థం కాకపోతే ఇందులో భయమే పుట్టదు.

దుకాణంలో మొదటి భాగం పెట్టి వినిపించాడు. ఇంగ్లిష్ చక్కగా వచ్చింది. తమ్ముడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. డబ్బు ఇచ్చేశాను. ఆ రాత్రి మూడు భాగాలు చూశాం. నాలుగోది మొదలవగానే జపనీస్. ఆడియో మార్చాను, మళ్లీ జపనీసే. జాబితాలో మాత్రం 'ఇంగ్లిష్' అని ఉంది! పదోది, ముప్పయ్యోది, చివరిది, అన్నీ తెరిచి చూశాను. ఒకే జపనీస్ ఆడియోను రెండుసార్లు పెట్టి, రెండోదానికి ఇంగ్లిష్ అని పేరు రాశాడు. కొనేవాళ్లు మొదటిది విని వెళ్లిపోతారని తెలిసి చేసిన పని ఇది. పొరపాటు ఇంత లెక్కగా జరగదు.

ఈ రోజు ఇద్దరం వెళ్లి అడిగాం. ఇంగ్లిష్ మూడు భాగాలకే వచ్చిందన్నాడు. పచ్చి అబద్ధం. ఈ సిరీస్ జపాన్ టీవీలో 2004లో మొదలై 2005లో ముగిసింది, ఇంగ్లిష్ డబ్బింగ్ 74 భాగాలకూ ఉంది. అదే చెప్పాను. "సబ్‌టైటిళ్లు ఉన్నాయిగా, చదువుకోండి" అన్నాడు. తమ్ముడు చదవలేడని మళ్లీ చెప్పాను. అప్పుడు వాడి ముఖంలోకి చూస్తూ, దుకాణంలో నలుగురు ఉండగా, "కళ్లు కనబడనివాడికి బొమ్మలెందుకమ్మా, రేడియో కొనిపెట్టండి" అన్నాడు.

ఒకరిద్దరు నవ్వారు.

నాకు నోరు పెగల్లేదు. తమ్ముడే "పద అక్కా, పంటు వెళ్లిపోతుంది" అన్నాడు. గోదావరి దాటినంతసేపూ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆరు వందలు పోతే పోయాయి. వాడిని వెంట తీసుకెళ్లి ఆ మాట వినేలా చేసింది నేను. ఒక్కదాన్నే వెళ్లి ఉండవలసింది. వెళ్లినప్పుడు అక్కడే నిలబడి, తమ్ముడి తరఫున ఒక్క జవాబైనా చెప్పి ఉండవలసింది. ఇంటికొచ్చాక పది జవాబులు తోస్తున్నాయి, ఏం లాభం?

ఎవరి దగ్గర కొన్నా మధ్యలోని ఒక భాగం, చివరి భాగం అక్కడే పెట్టించి వినండి. కంప్యూటర్‌లో వీడియోలు చూసే వీఎల్‌సీలో బి మీట నొక్కితే ఆడియో మారుతుంది. పేరు ఎవరైనా టైపు చేయవచ్చు, దాన్ని నమ్మకండి. వినిపించనంటే డబ్బు ఇవ్వకండి.

ఇంగ్లిష్ ఆడియోతో మొత్తం సిరీస్ సక్రమంగా, చట్టబద్ధంగా దొరికే చోటు తెలిసినవారు దయచేసి చెప్పండి. మేము నాలుగో భాగం దగ్గర ఆగిపోయాం.