తొమ్మిదేళ్ల టీ ట్రీ ఆయిల్: ఆకు వేరు, సీసా వేరు

టీ ట్రీ ఆయిల్ అంటే ఒక ఆస్ట్రేలియా చెట్టు ఆకుల నుంచి తీసే నూనె. దీన్ని 2014 నుంచి 2023 దాకా వాడాను. ఎన్ని సీసాలు ఖాళీ చేశానో లెక్క లేదు. ఇప్పుడు మాత్రం ఒక్క చుక్క ఒంటికి తగిలినా నాకు పడదు. ఎందుకు పడకుండా పోయిందో, అందులో నా తప్పెంతో, సీసా మీద రాయకుండా వదిలేసిన ఒక్క మాట తప్పెంతో చెబుదామని ఇది రాస్తున్నాను. మొటిమలకీ చుండ్రుకీ ఎలా వాడాలో అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను.

సిడ్నీ వచ్చిన కొత్తలో పగలు కాలేజీ, రాత్రి హారిస్ పార్క్‌లో ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు కడిగే పని. ఆరేడు గంటలు తడిసిన బూట్లలోనే నిలబడాలి. రెండో నెలకల్లా కాలివేళ్ల సందులు నాని తెల్లబడ్డాయి, చర్మం ఊడొచ్చింది, అడుగు వేస్తే మంట. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ, "నాట్లప్పుడు మడిలో నిలబడితే పాసినట్టు పాసినయ్యే" అని ఏడుపు మొహం పెట్టింది. నాతో గదిలో ఉన్న వరంగల్ అమ్మాయి తన దగ్గరున్న చిన్న గోధుమరంగు సీసా ఇచ్చింది. కొబ్బరినూనెలో కలిపి పొద్దునా రాత్రీ రాసుకున్నాను. మూడు వారాలకి మంట పోయింది, నెల తిరిగేసరికి కొత్త చర్మం వచ్చింది. అద్దె కట్టాక చేతిలో ఏమీ మిగలని రోజుల్లో, పది డాలర్ల సీసాతో కాళ్లు బాగుపడితే ఎంత ధైర్యమొస్తుందో నాకు తెలుసు. అప్పట్నుంచి నా హ్యాండ్‌బ్యాగులో అది లేని రోజు లేదు.

కనపడ్డ వాళ్లందరికీ చెప్పాను కూడా. దీనికి రుజువులున్నాయని వాదించేదాన్ని. ఆ వాదన ఉత్తదేం కాదు. 2002లో ఆస్ట్రేలియాలో కాలివేళ్ల ఫంగస్ ఉన్న 158 మంది మీద ఒక పరిశీలన చేశారు. రోజుకి రెండుసార్లు, నాలుగు వారాలు. 25 శాతం నూనె కలిపిన ద్రావణం రాసుకున్న వాళ్లలో 72 శాతం మందికి బాగా గుణం కనిపించింది, నూనె లేని ఉత్త ద్రావణం రాసుకున్న వాళ్లలో 39 శాతం మందికే. ఈ 72 అన్న అంకె నాకు కంఠస్థం. అదే పరిశీలనలో నూనె రాసుకున్న వాళ్లలో నలుగురికి చర్మం బాగా దెబ్బతిన్నదని కూడా రాశారు. ఆ నలుగురి మాట నేను ఎవరికీ చెప్పలేదు. నలుగురే కదా అనుకున్నాను.

2018లో బాలినా, లిస్మోర్ వైపు వెళ్లాం. న్యూ సౌత్ వేల్స్‌కి ఈశాన్య మూల అది, ఈ చెట్టుకి పుట్టినిల్లు. అక్కడి తోటలో చెట్టుని చూసి ఆశ్చర్యపోయాను. పెద్ద మానేమీ కాదు. పొరలు పొరలుగా కాగితంలా ఊడే బెరడు, సన్నగా సూదుల్లాంటి ఆకులు. నేలకి దగ్గరగా కోసేస్తే మళ్లీ చిగురిస్తుంది. కోసిన ఆకునీ రెమ్మనీ ఆవిరి పట్టి నూనె తీస్తారు, వెయ్యి కిలోల ఆకుకి పది ఇరవై కిలోల నూనె దిగుతుంది. ఒక రెమ్మ తుంచి అరచేతిలో నలిపాను. జామాయిల్ ఆకు నలిపినట్టే అనిపించింది గానీ దానికంటే మెత్తని వాసన. రెండూ ఒకే కుటుంబం మరి. జామ, నేరేడు, లవంగం కూడా ఆ కుటుంబానివే. జామాయిల్ నూనెని మనం నీలగిరి తైలం అంటాం గానీ, ఆ చెట్టు కూడా నీలగిరి కొండలకి ఆస్ట్రేలియా నుంచి వెళ్లిందే.

ఆ నేల బుంజలంగ్ అనే ఆదివాసీ ప్రజలది. జలుబు చేస్తే ఈ ఆకుని నలిపి ఆ ఘాటు పీల్చడం, పుండ్లకి ఆకు నూరి పట్టు వేయడం, ఆకు నానిన నీళ్లతో కడగడం వాళ్ల వైద్యం. సీసాలో నూనె అన్నది తర్వాతి కథ. 1920లలో సిడ్నీ టెక్నలాజికల్ మ్యూజియంలో పనిచేసే ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఈ నూనెని పరీక్షించి, సూక్ష్మజీవుల్ని చంపడంలో అప్పట్లో క్రిమిసంహారకంగా వాడే కార్బాలిక్ యాసిడ్ కంటే 11 రెట్లు బలమైనదని తేల్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సైనికుల మందుల పెట్టెల్లోకి ఎక్కిందంటారు. ఆ తర్వాత యాంటీబయాటిక్స్ వచ్చి దీన్ని మరుగున పడేశాయి, 1970లలో మళ్లీ లేచింది. నేను కొనే సీసా మీద మాత్రం ఇదంతా ఒక్క వాక్యమై కూర్చుంది: వేల ఏళ్లుగా ఆదివాసులు వాడుతున్నది. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు నమ్మకం ఒక మెట్టు పెరిగేది.

ఇక అసలు సంగతి. 2019 డిసెంబరులో తెనాలి వెళ్లినప్పుడు అమ్మ కోసం ఒక సీసా తీసుకెళ్లాను. ఆమె రెండు మూడుసార్లు రాసుకుని, బాత్రూమ్ కిటికీ గూట్లో పెట్టేసింది. నేను తిరిగొచ్చిన మూడు నెలలకే కోవిడ్‌తో ఆస్ట్రేలియా సరిహద్దులు మూసేశారు. తెరిచాక కూడా పాప చిన్నదని, సెలవు దొరకలేదని ఆగిపోయాను. మళ్లీ తెనాలి గడప తొక్కింది 2023 మేలో. సీసా ఆ గూట్లోనే ఉంది, మూడొంతులు ఖాళీ. మూడు ఎండాకాలాలు పడమటెండ తగిలిన గూడు అది. మూత సగం తిప్పి వదిలేసి ఉంది.

దోమలు కుట్టిన చోట గోకి గోకి నా కాలి పిక్క మీద చిన్న పుండ్లయ్యాయి. ఎక్స్‌పైరీ చూశాను, ఇంకా నాలుగు నెలలుంది. మూత తీస్తే వాసన ఏదో తేడాగా ఉంది. కొత్త సీసాలో కర్పూరం కలిసినట్టు చల్లగా ఉండే వాసన, ఇందులో పెయింట్ డబ్బా తెరిచినట్టు ముక్కులో గుచ్చుకుంది. పాతబడి చిక్కబడిందేమో, ఇంకా బలంగా పనిచేస్తుందిలే అనుకున్నాను. కొబ్బరినూనె కలపలేదు. దూదితో నేరుగా అద్దాను, రోజుకి మూడుసార్లు.

మూడో రోజుకి పుండు చుట్టూ ఎర్రబడి ఒకటే దురద. పుండు ముదురుతోందనుకుని ఇంకాస్త రాశాను. ఐదో రోజు పొద్దున లేచేసరికి మోకాలి కింద నుంచి చీలమండ దాకా నీటి పొక్కులు. కొన్ని చితికి దుప్పటికి అంటుకున్నాయి. అమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. "అది రాసినప్పట్నుంచే కదే ఇట్లా అవుతుంది, ఆపవే తల్లీ" అంది. తొమ్మిదేళ్లుగా నన్ను కాపాడిన నూనె మీద అనుమానం రావడానికి నాకు ఐదు రోజులు పట్టింది. గుంటూరులో చర్మం డాక్టరు గారికి సీసా కూడా చూపించాను. ఆయన మూత తీసి వాసన చూసి, ఏమీ అనకుండా సీసా అవతల పెట్టి, స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాశారు. తగ్గడానికి రెండు వారాలు పట్టింది. వచ్చిన సెలవే మూడు వారాలు. పాపని ఎత్తుకుని గుడికి పోదామనుకున్నదీ, అమ్మని మంగళగిరి తీసుకెళ్దామనుకున్నదీ అన్నీ మంచం మీదే గడిచిపోయాయి.

అయినా దాన్ని వదల్లేదు నేను. సిడ్నీ వచ్చాక కొత్త సీసా కొన్నాను. పాడైంది పాత సీసా, కొత్తదానికేం అనుకున్నాను. వేలి సందులో ఒక్క చుక్క, అదీ కొబ్బరినూనె కలిపి. రెండో రోజుకి మళ్లీ పొక్కులు.

అప్పుడు చర్మానికి ఏది పడదో తేల్చే ప్యాచ్ టెస్టుకి పంపారు. వీపు మీద చిన్న చిన్న బిళ్లల్లో రకరకాల పదార్థాలు అంటిస్తారు, 48 గంటలకి తీసి చూస్తారు, 96 గంటలకి మళ్లీ చూస్తారు. అన్నాళ్లూ వీపు తడవకూడదు. టీ ట్రీ అంటించిన చోట ఎర్రగా, ఉబ్బి ఉంది. అక్కడి డాక్టరు చెప్పిన మాట నాకు మర్చిపోవడం కష్టం. ఈ పరీక్షలో తాజా నూనె పెట్టరట. గాలి తగిలి పాతబడిన నూనెనే, 5 శాతం కలిపి పెడతారట. ఎందుకంటే అలర్జీ తెచ్చేది ఎక్కువగా ఆ పాతబడిన సరుకే. నూనెలో సహజంగా ఉండే టెర్పినీన్ల వంటి పదార్థాలు గాలికీ వెలుతురుకీ వేడికీ విరిగి పెరాక్సైడ్లు, ఆస్కరిడోల్ అనే వేరే పదార్థాలుగా మారతాయి. వాటిని ఒకసారి శత్రువుగా గుర్తుపట్టిన చర్మం ఇక మర్చిపోదు. ఆ తర్వాత తాజా నూనెలో అవి లేశమాత్రం ఉన్నా చాలు.

నా కోపమంతా ఇక్కడే. ఆ కంపెనీ నూనె నాసిరకం అనడం లేదు. నూనెలో ముఖ్య పదార్థమైన టెర్పినెన్-4-ఆల్ కనీసం 35 శాతం ఉండాలి, సినియోల్ అనే ఇంకో పదార్థం 10 శాతం మించకూడదు అన్న అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దానికి తగ్గట్టే ఉందని సీసా మీద రాశారు. తయారైన రోజున అది నిజమే అయ్యుంటుంది. మింగకూడదని రాశారు, పిల్లలకి అందకుండా పెట్టమన్నారు, అవి రాయవలసినవే. ఎక్స్‌పైరీ అచ్చు వేశారు. కానీ మూత తీశాక ఎన్నాళ్లు అన్నది ఎక్కడా లేదు. ఆ తేదీ మూత తీయని సీసాకని నాకు ఎవరు చెప్పాలి? కళ్లలో వేసుకునే చుక్కల మందు మీద తెరిచాక ఇన్ని రోజులే అని రాస్తారు కదా. వేల ఏళ్ల మాట రాయడానికి చోటు దొరికినప్పుడు ఈ ముక్క రాయడానికి చోటు లేకపోయిందా?

ఆ వేల ఏళ్ల మాట గురించి కూడా ఇప్పుడు నాకు వేరేగా అనిపిస్తోంది. బుంజలంగ్ వాళ్లు వాడింది చెట్టు మీంచి అప్పుడు కోసిన ఆకు. నలిపారు, పీల్చారు, పట్టు వేశారు, అయిపోయింది. మిగిలింది దాచుకునే పనే లేదు. నేను వాడింది ఆకులో నూటికి ఒకటో రెండో పాళ్లుండే నూనెని మొత్తంగా పిండి, సీసాలో పోసి, సముద్రాలు దాటించి మూడేళ్లు కిటికీలో పెట్టినది. వాళ్ల అనుభవం ఆ ఆకుకి సాక్ష్యం, నా సీసాకి కాదు. మా అమ్మకి ఈ తేడా చదువు లేకుండానే తెలుసు. నా కాలికి పట్టు వేయడానికి పెరట్లో వేపాకు కోసి నూరుతుంటే, డాక్టరు గారి ఆయింట్‌మెంట్ చాలమ్మా, రేపు చూద్దాం, అది ఫ్రిజ్‌లో పెట్టు అన్నాను. "ఆకు నూరింది ఆ పూటకేనే, రేపటికి మళ్లీ నూరుకోవాల" అని గిన్నె తీసుకెళ్లి మొక్కలో పారబోసింది.

అందుకే ఇప్పుడు ఇలాంటివి కొనేటప్పుడు, ఆకుని ఎలా వాడేవారో, నా చేతికి ఏ రూపంలో వస్తోందో రెండూ చూస్తున్నాను. మధ్య ఆస్ట్రేలియాలో పిట్జన్‌జాట్జరా అనే ఆదివాసులు ఇర్మంగ్క ఇర్మంగ్క అనే పొద ఆకుల్ని కొవ్వులో కలిపి జలుబుకీ ఒంటినొప్పులకీ రాసుకుంటారు. ఈ మధ్య అది చిన్న డబ్బీల్లో లేపనంగా దొరుకుతోంది. స్నేహితురాలు ఒకటి తెచ్చిచ్చింది. కనీసం దాని రూపం పాత పద్ధతికి దగ్గరగా ఉంది. కానీ నా చర్మం ఉన్న స్థితికి, డాక్టరుని అడగకుండా మూత తీసే ధైర్యం లేదు.

మరి టీ ట్రీ కొనమంటానా? నా సంగతి పక్కన పెట్టి చెప్తే, అలర్జీలు లేని వాళ్లకి, కాలివేళ్లకి, చిన్న సీసాలో, కొబ్బరినూనెలోనో ఏదైనా క్రీములోనో కలిపి వాడితే ఇప్పటికీ మంచిదే అంటాను. ముందు మోచేతి మడతలో ఆ కలిపినదే ఒక చుక్క రాసి రెండు రోజులు చూసుకోండి. 50 మిల్లీలీటర్ల సీసా చవక అని కొనకండి, ఒక్కరికి అది ఏళ్ల తరబడి వస్తుంది. ఊరికి, అదీ మన ఎండల్లోకి, అమ్మానాన్నలకి పంపే ముందు మాత్రం ఆలోచించండి. ఒకప్పుడు ఐదు నక్షత్రాలిచ్చి అందరి చేతా కొనిపించిన మనిషిని నేను. ఇప్పుడు ఎన్నివ్వాలో తెలియడం లేదు. నా కాళ్లు బాగుచేసిందీ నిజమే, మూడు వారాల సెలవు మింగేసిందీ నిజమే. గిన్నెలు కడిగే పిల్ల ఎవరైనా ఈ రోజు కాళ్లు చూపించి అడిగితే, ముందు ఫార్మసీలో దొరికే మామూలు ఫంగస్ క్రీము రాసుకోమంటాను. నేనిప్పుడు రాసుకునేది అదే. నూనె కంటే త్వరగా తగ్గుతోంది కూడా, అది తొమ్మిదేళ్లు నాకు తెలియలేదు.

మా ఆయన మాత్రం ఇంకా వాడతారు, ఆయనకి పడుతుంది. 10 మిల్లీలీటర్ల సీసా, వంటగది చీకటి అరలో, మూత మీద నల్ల మార్కర్‌తో తెరిచిన తేదీ. ఆరు నెలలు దాటితే మిగిలింది ఎంతైనా పారేస్తాం. ఆయన మూత తీసినప్పుడు ఆ వాసన నాకింకా బావుంటుంది. ఆ కాసేపూ నేను పక్క గదిలోకి వెళ్తాను.