వేతన చట్టమా, పన్ను రాయితీయా?

తక్కువ జీతగాళ్ల బతుకు బాగుపడాలంటే ఏది మేలు: చట్టంతో కనీస వేతనం పెంచడమా, పనిచేసేవారికి ప్రభుత్వం పన్ను రాయితీ (కట్టాల్సిన పన్ను లేకపోయినా చేతికి డబ్బుగా వచ్చేది) ఇవ్వడమా? అమెరికాలో 1975 నుంచి రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

ఖర్చు: వేతనం పెరిగితే భారం యజమానిది, ధరల రూపంలో కొంత కొనుగోలుదారుది. రాయితీ భారం ఖజానాది.

శ్రమ: పెరిగిన వేతనం ప్రతి జీతంతో చేతికొస్తుంది. రాయితీకి పన్ను పత్రాలు నింపాలి, డబ్బు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. హోటల్లో గిన్నెలు కడిగే మనిషి ఇంటి అద్దె మాత్రం ప్రతి నెలా కట్టాలి. నాకు ఇదే పెద్ద తేడా.

ముప్పు: వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయన్నదే అసలు భయం. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస గంట వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అక్కడి ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను, వేతనం పెరగని పొరుగు తూర్పు పెన్సిల్వేనియా దుకాణాలతో పోల్చారు. ఉద్యోగాలు తగ్గిన జాడ కనబడలేదు. న్యూమార్క్, వాషర్ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ దుకాణాల వేతన రికార్డులు తీసి ఆ ఫలితాన్ని గట్టిగా ప్రశ్నించారు. కార్డ్‌కు 2021లో నోబెల్ దక్కినా వాదన చల్లారలేదు. రాయితీతో ఆ భయం తక్కువే, కానీ పిల్లలు లేనివారికి అందేది బహు స్వల్పం.

ఒకరిద్దరు పెద్ద యజమానులే జీతాలు శాసించే ఊళ్లో వేతన చట్టమే న్యాయం. జీతాలన్నీ అడుగున ఉన్న పేద పట్టణంలో ఒక్కసారిగా రెట్టింపు చేయకండి. అక్కడ పిల్లలున్న కుటుంబానికి రాయితీ, దానితోపాటు ఏటా కొద్దికొద్దిగా పెరిగే వేతనం సరిపోతాయి.