నాగోల్ అద్దె చవకే, మరి కొండాపూర్?
భార్యాభర్తలిద్దరికీ హైదరాబాద్ రాయదుర్గంలో ఉద్యోగం, ఇంట్లో రెండేళ్ల పాప అనుకుందాం. అద్దె ఒక్కటే చూస్తే నాగోల్‌దే గెలుపు. కానీ అద్దె, మెయింటెనెన్స్, క్రెష్ (పిల్లల్ని పగలు చూసుకునే కేంద్రం) ఫీజు, ప్రయాణం ఒకే కాగితం మీద కూడాలి.

నాగోల్ నుంచి రాయదుర్గానికి మెట్రో బ్లూ లైన్ నేరుగా వెళ్తుంది, అమీర్‌పేటలో రైలు మారక్కర్లేదు. ఇద్దరి రానుపోను టికెట్లను 22 పనిరోజులతో గుణించి, ఇంటి నుంచి స్టేషన్‌కు ఆటో ఖర్చు కలపండి. చాలామంది వదిలేసేది ఈ ఆటోనే. మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచితం ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే, మెట్రోకు వర్తించదు.

అసలు తేడా క్రెష్ దగ్గర. నాగోల్‌లో ఇంటి పక్క క్రెష్‌లో వేస్తే ఆఫీసు 9 గంటలకు ప్రయాణం మరో 3 గంటలు తోడై, పాప అక్కడ 12 గంటలుండాలి. మూసేవేళ దాటితే అదనపు రుసుము. ఆఫీసుకు దగ్గరగా ఉండే కొండాపూర్‌లో 10 గంటలతో సరిపోతుంది. మెట్రో లేదు గానీ, బైకు చాలు.

50 మంది, ఆపైన పనిచేసే సంస్థ క్రెష్ వసతి కల్పించాలని 2017 ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ చెప్పింది. ఇల్లు వెతికే ముందే హెచ్‌ఆర్‌ను అడగండి.

నాగోల్‌లో అమ్మమ్మో నానమ్మో ఉంటే మరో ఆలోచన వద్దు. లేకుంటే అద్దె తేడా, ప్రయాణం ఖర్చూ అదనపు క్రెష్ గంటలూ కలిపినదానికన్నా తక్కువైతే కొండాపూరే.