వేబ్యాక్ మెషీన్: మన రోజుల ఆనవాళ్లు మిగిలే చోటు

వందేళ్ల తర్వాత చరిత్ర పాఠంలో 2020 లాక్‌డౌన్ గురించి ఏం రాస్తారా అని ఆలోచిస్తే నాకు నిజంగానే టెన్షన్ వస్తుంది, ఎందుకంటే రాయడానికి ఆధారాలు మిగలాలి కదా. రాతి మీద చెక్కినవి వేల ఏళ్లు నిలిచాయి. 2013 నాటి వెబ్ పేజీల్లో మాత్రం 38 శాతం పదేళ్లకే కనిపించకుండా పోయాయని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. లాక్‌డౌన్‌లో నేను రోజూ రాసుకున్న బ్లాగు కూడా అలాగే పోయింది, సైటు మూసేశారు.

అందులో నాలుగు పోస్టులు, వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ అనే సైటులో దొరికాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని ఉచితంగా నడుపుతోంది. 1996 నుంచి పేజీలు దాస్తున్నారు, 2001లో అందరికీ తెరిచారు. పాత లింకు పెడితే క్యాలెండర్ వస్తుంది, పేజీని దాచిన తేదీల మీద రంగు చుక్కలుంటాయి. ఒక నీలం చుక్క నొక్కాను, 2020 ఏప్రిల్ నాటి నా పోస్టు వచ్చింది, కింద ఎవరో తమ ఇంట్లో అందరికీ జ్వరం తగ్గిందని పెట్టిన కామెంటుతో సహా. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా.

నాకు బాగా నచ్చింది దాచిన కాపీ లింకులో ఉండే 14 అంకెలు: ఏ సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకనులో దాచారో అవే చెప్తాయి. ఓ వార్త హెడ్డింగ్ సాయంత్రానికి మార్చేసినా, పొద్దున్న కాపీ దాచి ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు, రేపటి చరిత్రకారుడికి ఇంతకంటే ఏం కావాలి!

లోపాలున్నాయి. చాలా పాత పేజీల్లో బొమ్మలు రావు. 2024 అక్టోబర్‌లో సైబర్ దాడి జరిగి సైటు కొన్ని రోజులు ఆగిపోయింది, ఇంత సరుకు ఒక్క సంస్థ చేతిలోనే ఉండటం భయమే. అన్నిటికంటే పెద్ద వెలితి, లాగిన్ వెనకున్నవి దీనికి అందవు. ఆక్సిజన్ కోసం రాత్రంతా గ్రూపుల్లో పంపుకున్న మెసేజ్‌లు ఇందులో ఉండవు, ప్రభుత్వ ప్రకటనలు ఉంటాయి, అంటే పాఠంలో ఆర్డర్లు వస్తాయి, మనుషులు రారేమో అని నా బాధ.

అయినా ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. ఇప్పుడు పోస్టు పెట్టిన రోజే దాని లింకు వేబ్యాక్ మెషీన్‌లోని ‘సేవ్ పేజ్ నౌ’ బాక్సులో వేసి కాపీ దాచేస్తున్నా, ఫోటోలు విడిగా తేదీ, పేర్లు రాసి హార్డ్ డిస్కులో పెడుతున్నా.