పోలో అల్లా కచ్చాతోరా: టమాటాతోనా, వెనిగర్‌తోనా?

ఇటలీ పల్లెల కోడికూర పోలో అల్లా కచ్చాతోరా ఊరికో రకంగా ఉంటుంది. వాటిలో ముఖ్యంగా రెండు దారులు.

ఎక్కువమందికి తెలిసింది ఎర్రది. ఎముకతో ఉన్న తొడ ముక్కల్ని ఆలివ్ నూనెలో వేయించి పక్కన పెడతారు. అదే గిన్నెలో ఉల్లి, క్యారెట్, సెలెరీ అనే ఆకుకూర కాడలు మగ్గించి వైన్ పోస్తారు. అది ఇగిరాక టమాటా, పక్కన పెట్టిన కోడి ముక్కలు వేసి మూతపెట్టి సన్న సెగ మీద 40 నిమిషాలైనా ఉంచుతారు. మంట కాస్త అటూ ఇటూ అయినా గ్రేవీ కాపాడేస్తుంది, కొత్తగా వండేవాళ్లకు టెన్షన్ ఉండదు. మర్నాడు ఇంకా బాగుంటుంది.

రోమ్ వైపు చేసే తెల్లదానిలో టమాటా ఉండదు. వెల్లుల్లి, రోజ్‌మేరీ అనే సువాసన ఆకు, వైట్ వైన్, వెనిగర్, కొన్ని ఇళ్లలో ఉప్పులో ఊరిన ఆంకోవీ చేప, అంతే. సరుకులు తక్కువ కదా అని ఇది తేలిక అనుకోవద్దు. పులుసు తక్కువ కాబట్టి అడుగంటుతుంది, దగ్గరే నిలబడాలి. వెనిగర్ ఒక చెంచా ఎక్కువ పడితే సర్దడం కష్టం. పైగా దీని రుచంతా ఎర్రగా వేగిన తోలులోనే ఉంది. మన షాపుల్లో మామూలుగా తోలు తీసేసి ఇస్తారు, ఉంచమని ముందే చెప్పాలి.

పదిమందికి వండాలంటే ఎర్రదే. ఇద్దరికైతే నా ఓటు తెల్లదానికి. ఆ ఘాటుకి అన్నం కన్నా కరకరలాడే బ్రెడ్డే సరిజోడు.