డబ్లిన్: జైలు గోడ నుంచి కపూచిన్ల గుడి దాకా

ఓ'కానెల్ వీధిలోని జనరల్ పోస్టాఫీసు ముందు ఫొటో దిగి, బ్రిటిష్ పాలనపై జరిగిన ఐర్లండ్ తిరుగుబాటును చూసేశామనుకునేవాళ్లే ఎక్కువ. 1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం నాడు, తిరుగుబాటు నాయకుడు పాట్రిక్ పియర్స్ రిపబ్లిక్ ప్రకటన చదివింది అక్కడే, కాదనను. కానీ అక్కడ పావుగంట చాలు. తిరుగుబాటుదారులు, కాథలిక్ గురువులు, బిషప్‌లు ఒకళ్లతో ఒకళ్లు ఎలా వేగారో తెలియాలంటే నగరంలో పడమటికి వెళ్లాలి.

ముందు బస సంగతి. టెంపుల్ బార్ దగ్గర దిగిన చోట రాత్రంతా తాగుబోతుల పాటలే. పైగా అద్దె ఎక్కువ. అక్కణ్ణుంచి ఉత్తరాన ఉన్న డ్రమ్‌కాండ్రాకు మారాక ప్రాణం కుదుటపడింది. అక్కడి ఆల్ హాలోస్, విదేశాలకు గురువులను పంపడానికి 1842లో పెట్టిన సెమినరీ. ఇప్పుడది డబ్లిన్ సిటీ యూనివర్సిటీ ప్రాంగణం, వేసవిలో విద్యార్థుల గదులు అద్దెకిస్తారు. హోటల్ హంగులు ఆశించకండి. పచ్చిక, చెట్లు, నిశ్శబ్దం మాత్రం దండిగా ఉన్నాయి. శాకాహారులకో మాట: ఐరిష్ ఉదయపు పళ్లెంలో నల్లగా కనిపించేది పంది రక్తంతో చేసింది, ముందే చెప్పి తీయించుకోండి. బస్సుకూ ట్రామ్‌కూ లీప్ కార్డు ఒక్కటి చాలు.

కిల్‌మైన్‌హమ్ జైలుకు టికెట్ ఆన్‌లైన్లో ముందే తీసుకోవాలి, నేరుగా వెళితే దొరకడం కష్టం. గైడ్ వెంట తప్ప తిరగనివ్వరు, సుమారు గంట పడుతుంది. మా గైడ్ ఎక్కడా గొంతు పెంచలేదు, నాటకీయత లేదు; అందుకే కథ లోపలికి దిగింది. 1796లో తెరిచి 1924లో మూసిన జైలు ఇది. పాడుబడ్డాక 1960 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలే మరమ్మతు చేసి నిలబెట్టారు. 1916 మే 3 నుంచి 12 లోపు 14 మంది నాయకులను ఇక్కడి రాళ్లు కొట్టే పెరట్లో కాల్చిచంపారు.

జైలు ప్రార్థనాలయం చిన్నది. ఆ 14 మందిలో ఒకడైన జోసెఫ్ ప్లంకెట్‌కు గ్రేస్ గిఫర్డ్‌తో పెళ్లి మే 3 రాత్రి ఇందులోనే అయింది. కొన్ని గంటలకే అతణ్ణి కాల్చేశారు. ప్రొటెస్టెంటుగా పెరిగిన గ్రేస్ ఆ ఏప్రిల్లోనే కాథలిక్ మతం పుచ్చుకుంది. 1923లో, బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందంపై ఐరిష్‌వాళ్లే రెండుగా చీలి పోరాడిన అంతర్యుద్ధ కాలంలో, ఆమెనూ ఇదే జైల్లో పెట్టారు. పెట్టింది సొంత దేశపు ప్రభుత్వమే. గది గోడ మీద ఆమె మరియమాత, బాలయేసుల బొమ్మ గీసింది. అంతకుముందు అక్టోబరులో ఐరిష్ బిషప్‌లు, ఒప్పందాన్ని వ్యతిరేకించి ఆయుధం పట్టినవాళ్లకు పాపవిమోచనం, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) ఇవ్వొద్దని లేఖ రాశారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ బొమ్మలో భక్తితో పాటు మొండితనమూ కనిపిస్తుంది. నా ఊహే కావచ్చు, కానీ గుంపు ముందుకు కదిలినా నేను అక్కడే ఉండిపోయాను.

తర్వాత ట్రామ్‌లో మ్యూజియం స్టాప్ దగ్గర దిగి, వెనక ఉన్న ఆర్బర్ హిల్‌కు నడిచాం. కాల్చిచంపిన ఆ 14 మందినీ సున్నం పోసి పూడ్చింది ఇక్కడే. గోడ మీద రిపబ్లిక్ ప్రకటన ఐరిష్‌లో, ఇంగ్లీషులో చెక్కి ఉంది. ప్రవేశం ఉచితం, జనం లేరు. పక్కనే కాలిన్స్ బారక్స్ మ్యూజియం, అదీ ఉచితమే. వానపడితే పనికొస్తుంది, డబ్లిన్‌లో పడుతుంది కూడా.

ఇంకాస్త తూర్పుకు నడిస్తే చర్చ్ స్ట్రీట్‌లో కపూచిన్ల గుడి. కపూచిన్లంటే ఓ కాథలిక్ సన్యాసుల సంఘం. పర్యాటక పుస్తకాల్లో దీనికి చోటు తక్కువ, నాకు మాత్రం ఇదే ముఖ్యం. తిరుగుబాటు వారంలో వీళ్ల ఫాదర్ మాథ్యూ హాల్లో గాయపడ్డవాళ్లకు కట్లు కట్టారు. మరణశిక్ష పడ్డవాళ్ల పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) వినడానికి అర్ధరాత్రి జైలుకు వెళ్లిందీ ఇక్కడి సన్యాసులే. మొదటి రోజు ఆఖరి ఘడియలో ఉండనివ్వకపోతే ఫాదర్ అలోషియస్ గట్టిగా అభ్యంతరం చెప్పారు, తర్వాత నుంచి అనుమతించారు. జీవితమంతా మార్క్సిస్టుగా ఉన్న తిరుగుబాటు నాయకుడు జేమ్స్ కానలీని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చినప్పుడు వెంట ఉన్నది ఆయనే. అంతర్యుద్ధంలో, ఒప్పందాన్ని వ్యతిరేకించిన రిపబ్లికన్ల పక్షం నిలిచిన ఫాదర్ ఆల్బర్ట్, ఫాదర్ డొమినిక్‌లను సంఘం పెద్దలు అమెరికా పంపేశారు. ఇద్దరూ అక్కడే చనిపోయారు, అస్థికలు 1958లో గానీ తిరిగి రాలేదు. గుళ్లో ఇవన్నీ చెప్పే గైడ్ ఉండడు, చదువుకుని వెళ్లండి.

గ్లాస్‌నెవిన్ శ్మశానానికి సగం రోజు ఇవ్వాలి. కాథలిక్కులకు మర్యాదగా చివరి సంస్కారం జరుపుకునే చోటు కావాలని కాథలిక్కుల హక్కుల నాయకుడు డానియల్ ఓ'కానెల్ పూనుకుంటే 1832లో మొదలైంది; ఏ మతస్థులనైనా తీసుకుంటారు. ఆయన సమాధి మీది గుండ్రటి బురుజు మెట్లు 198. మోకాళ్లు సహకరిస్తేనే ఎక్కండి, పై నుంచి సముద్రం దాకా కనిపిస్తుంది. 1861లో, అంతకుముందు తరం తిరుగుబాటుదారు టెరెన్స్ మెక్‌మానస్ భౌతికకాయాన్ని ప్రధాన గుడిలో ఉంచడానికి ఆర్చ్‌బిషప్ పాల్ కల్లెన్ ఒప్పుకోలేదు; అయినా జనం ఊరేగింపుగా ఇక్కడికే తెచ్చారు. విడాకుల కేసు తర్వాత బిషప్‌లు వెలివేసినంత పనిచేసిన జాతీయవాద నాయకుడు పార్నెల్ సమాధికి పెద్ద బండరాయి, దాని మీద ఇంటిపేరు మాత్రమే. ఎక్కువ పూలు, అంతర్యుద్ధంలో ఒప్పందం పక్షాన నిలిచిన మైకేల్ కాలిన్స్ సమాధి దగ్గర కనిపించాయి.

మనవాళ్లకు ఆసక్తి కలిగించే చోటు సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ దగ్గరుంది. కాథలిక్ విశ్వవిద్యాలయం కోసం దాని తొలి అధిపతి న్యూమన్ కట్టించిన గుడి బయటికి ఇరుకు గుమ్మమే, లోపల రంగురంగుల చలువరాళ్లు మెరిసిపోతాయి. ఆ విద్యాసంస్థ వారసురాలైన యూనివర్సిటీ కాలేజీలోనే బరంపురం తెలుగువాడు వి.వి.గిరి 1913 నుంచి న్యాయశాస్త్రం చదివారు. మే 3నే కాల్చిచంపబడ్డ టామస్ మెక్‌డొనా అక్కడ ఇంగ్లీషు అధ్యాపకుడు. ఐరిష్ స్వాతంత్ర్యం కోరే సిన్ ఫేన్ పార్టీవాళ్లతో తిరుగుతున్నాడని 1916లో గిరిని దేశం వదలమన్నారు. కాలేజీ ఉన్న ఎర్ల్స్‌ఫోర్ట్ టెరేస్ భవనం ఇప్పుడు జాతీయ కచేరీ మందిరం. కచేరీకి టికెట్ లేకపోతే బయట నుంచి చూసి, వెనక ఉన్న ఐవీ గార్డెన్స్‌లో కూర్చోండి. స్టీఫెన్స్ గ్రీన్ కంటే రద్దీ తక్కువ, డబ్బేమీ అడగరు.