ఇంటి క్లీనర్లు ప్రెషర్ వాషర్‌లో పోయాలా, బయట చల్లి కడగాలా: ఏది మేలు?

నీళ్ళను గట్టి ధారగా కొట్టి కడిగే ప్రెషర్ వాషర్ కొన్న ఇంట్లో వారం తిరక్కుండానే ఒక ప్రశ్న వస్తుంది. లైజాల్ ఉంది, ఫినైల్ ఉంది, బ్లీచింగ్ ఉంది, అవి దీంట్లోనే పోసేస్తే వంగి రుద్దే పని తప్పుతుంది కదా అని. ఆ ఆశలో తప్పేమీ లేదు. మా కర్నూలు వైపు నల్లరేగడి బురద బండి మడ్‌గార్డులో ఎండిందంటే గోకినా రాదు, వానలు పోయాక మిద్దె మీద పాచి నల్లగా అతుక్కుని ఉంటుంది, వాకిట్లో బండల సందుల్లో మురికి ఏడాదంతా కదలదు. కానీ ఇంట్లో ఉండే ఆ సీసాల్లో చాలావాటిని బకెట్‌లో కలిపి తుడవడానికే తయారు చేశారు. నా మాట ముందే చెప్పేస్తాను: కారు షాంపూ అయితే ఫోమ్ బాటిల్ (మెషీన్ గన్‌కి తగిలించే నురగ సీసా) మేలు, ఇంటి క్లీనర్ ఏదైనా సరే బయట చల్లి, నాననిచ్చి, తర్వాత మెషీన్‌తో ఉత్త నీళ్ళు కొట్టడం మేలు.

అన్నిటికంటే అధ్వాన్నమైన పద్ధతి నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువగా కనిపించేది అదే. కుళాయిలో ప్రెషర్ చాలదని ఇన్‌లెట్ పైపును (మెషీన్‌లోకి నీళ్ళు వెళ్ళే పైపును) బకెట్‌లోనో సంపులోనో ముంచి మెషీన్ నడుపుతాం. నీళ్ళు తనే పీల్చుకునే మోడల్ అయితే అంతవరకు ఫర్వాలేదు. ఆ బకెట్‌లోనే ఇంత బ్లీచ్, ఇంత యాసిడ్ కలిపేస్తారు చూడండి, అక్కడే చెడుతుంది. అలా కలిపిన ప్రతి చుక్కా పంపు లోపల పిస్టన్ల మీదుగా, సీళ్ళ మీదుగా, వాల్వుల మీదుగా పోతుంది. ధర తక్కువ మెషీన్లలో పంపు తల అల్యూమినియంతో ఉంటుంది, కొంచెం మంచివాటిలో ఇత్తడితో. క్లోరిన్ ఉన్న బ్లీచ్ ఈ రెండిటినీ తింటుంది, స్టీలును కూడా వదలదు, రబ్బరు సీళ్ళను బిరుసు చేస్తుంది. మా పక్కింటాయన మెషీన్ ఇలాగే ఆగిపోతే మెకానిక్ దగ్గర బల్ల మీద విప్పి పెట్టినప్పుడు చూశాను. అల్యూమినియం మీద తెల్లటి పొక్కుల్లాంటి పొడి పేరుకుంది, గోరుతో గీకితే రాలుతోంది, కింద లోహం గుంటలు గుంటలుగా ఉంది. ఓ-రింగును (నీళ్ళు కారకుండా ఆపే రబ్బరు రింగును) వేళ్ళ మధ్య వంచితే సాగలేదు, టప్పుమని విరిగింది. "దీంట్లో యాసిడ్ ఏమన్నా పోసినారా సార్?" అని మెకానిక్ అడిగాడు. బ్లీచింగ్ అని తేలింది. పౌడర్ అయితే ఇంకో బాధ కూడా ఉంది: బ్లీచింగ్ పౌడర్‌లో సున్నం కరగకుండా అడుగున మిగిలిపోతుంది, అది ఫిల్టర్‌ను, నాజిల్‌ను (గన్ చివర నీళ్ళు చిమ్మే మూతిని) మూసేస్తుంది.

రెండోది, మెషీన్‌కే ఉండే సబ్బు డబ్బా లేదా సబ్బు పీల్చే సన్న ట్యూబు. ఇది బకెట్ పద్ధతి కంటే చాలా నయం. ఎక్కువ ఇంటి మెషీన్లలో సబ్బు పంపు దాటాక కలుస్తుంది, నీళ్ళు సన్న దారిలోంచి వేగంగా పోయేటప్పుడు పుట్టే లాగుడుకి పక్క రంధ్రంలోంచి సబ్బు వచ్చి కలుస్తుంది. అందుకే ఇది తక్కువ ప్రెషర్‌లోనే పనిచేస్తుంది. "సబ్బు పీల్చట్లేదు, మెషీన్ పాడైంది" అని కంగారుపడే చాలామంది మెషీన్లు నిక్షేపంగా ఉంటాయి, సన్న నాజిల్ తీసి సబ్బు నాజిల్ పెట్టుకోకపోవడమే కారణం (రంగుల నాజిళ్ళ సెట్టులో నల్లది అదే, తిప్పే రకం గన్ అయితే తక్కువ ప్రెషర్ వైపు తిప్పాలి).

దీంట్లో అసలు తలనొప్పి లెక్క. క్లీనర్ లేబుల్ మీద లీటరు నీళ్ళకి 20 మిల్లీలీటర్లు అని ఉందనుకుందాం. ఆ కొలతతో కలిపి డబ్బాలో పోస్తే మెషీన్ దాన్ని మళ్ళీ పలచన చేస్తుంది, చివరికి గోడ మీద పడేది ఉత్త నీళ్ళతో సమానం. అలాగని నీళ్ళు కలపకుండా చిక్కగా పోస్తే అవసరానికి మూడింతలు పడొచ్చు. మీ మెషీన్ ఎంత పలచన చేస్తుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు: సబ్బు డబ్బాలో సరిగ్గా ఒక లీటరు మంచినీళ్ళు పోసి, సబ్బు నాజిల్‌తో కొలతలున్న బకెట్‌లోకి వదలండి, డబ్బా ఖాళీ అయ్యేసరికి బకెట్‌లో ఎన్ని లీటర్లు పడ్డాయో చూడండి. 15 లీటర్లు పడితే మీ మెషీన్ పదిహేను రెట్లు పలచన చేస్తోందన్నమాట. అప్పుడు లీటరుకి 20 మిల్లీ చొప్పున పడాలంటే ఒక లీటరు డబ్బాలో 300 మిల్లీలీటర్ల క్లీనర్ ఉండాలి. 300 మిల్లీ! అంత పోస్తే 15 లీటర్ల సబ్బు నీళ్ళు రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి, అందులో ఎక్కువ భాగం గోడ మీద నిలవకుండా నేరుగా కాలవలోకే పోతుంది. అదే 300 మిల్లీని చేతి స్ప్రేయర్‌లో కలిపి చల్లితే చిన్న మిద్దె మొత్తానికి సరిపెట్టుకోవచ్చు.

ఇక్కడే నాకు పద్ధతుల మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తుంది. క్లీనర్‌కి కావలసింది టైమ్. పాచి మీద, జిడ్డు మీద ఐదు పది నిమిషాలు తడిగా నిలిస్తేనే అది పనిచేస్తుంది. మెషీన్ ఇచ్చేది నీళ్ళ దెబ్బ. సబ్బు నాజిల్ పెట్టిన క్షణంలో ఆ దెబ్బ ఎలాగూ ఉండదు, కాబట్టి సబ్బును మెషీన్‌తో చల్లినా చేత్తో చల్లినా మురికి వదలడంలో పెద్ద తేడా రాదు. కొంచెం శ్రమ మిగులుతుంది, అంతే. దానికోసం పంపును, పైపును, మన కళ్ళను పణం పెట్టడం నాకు నచ్చదు. అన్నట్టు, బ్లీచ్‌ను, యాసిడ్‌ను మెషీన్ గన్‌తో కొడితే అది సన్న తుంపరై గాలిలో తేలుతుంది, మొదట పీల్చేది గన్ పట్టుకున్న మనిషే.

ఫోమ్ బాటిల్ సంగతి వేరు. గన్‌కి తగిలించే ఈ సీసాలో సబ్బు పంపును కాదు కదా, పైపును కూడా తాకదు, చివర్లోనే కలిసి నురగగా పడుతుంది. నురగ కారు తలుపు మీద జారకుండా కాసేపు నిలుస్తుంది, ఆలోగా దుమ్ము మెత్తబడుతుంది. కారుకి, బైక్‌కి ఇదే మేలని నిస్సందేహంగా చెబుతాను. కాకపోతే దాంట్లో పోయాల్సింది కారు షాంపూ. గిన్నెల లిక్విడ్ జిడ్డుతో పాటు పెయింట్ మీద మైనాన్ని కూడా లాగేస్తుంది. బట్టల పౌడర్ అస్సలు వద్దు, మన బోరు నీళ్ళ ఉప్పదనానికి అది సరిగ్గా కరగదు, ఫోమ్ బాటిల్ లోపలి సన్న జాలీలో పేరుకుపోతుంది. బ్లీచ్, యాసిడ్ దీంట్లోనూ పనికిరావు, లోపల ఉండేది ఇత్తడి భాగాలే.

ఇక బయట చల్లే పద్ధతి. ప్లాస్టిక్ చేతి స్ప్రేయర్ ఒకటి, పొడుగు పిడి బ్రష్ ఒకటి చాలు. ముందు ఉత్త నీళ్ళతో తడిపి, లేబుల్ చెప్పిన కొలతలో కలిపిన క్లీనర్ చల్లి, అవసరమైన చోట రుద్ది, ఐదు పది నిమిషాలాగి మెషీన్‌తో కడగాలి. గోడ అయితే క్లీనర్ కింది నుంచి పైకి చల్లండి, లేకపోతే పైనుంచి కారిన చారలు మిగులుతాయి, కడిగేటప్పుడు మాత్రం పైనుంచి కిందికి. మన వైపు చాలా ఇళ్ళలో పొలానికి మందుకొట్టే పంపు ఉంటుంది, దాన్ని మాత్రం తీయకండి. ఎంత కడిగినా లోపల పురుగుమందు మిగులుతుంది, ఇంటి వాకిట్లో పిల్లలు తిరిగే చోట అది చల్లకూడదు.

ఏ క్లీనర్ ఎక్కడ అనేది మన ప్రాంతంలో ఇంకాస్త ముఖ్యం, ఎందుకంటే మన కాళ్ళ కింద ఉన్న బండలు అలాంటివి. కడప నల్లబండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ, ఇవన్నీ సున్నపురాయి జాతి. బాత్రూం యాసిడ్‌లో, హార్పిక్ లాంటి వాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది బండ మీద పడగానే బుస్సున నురగ వస్తుంది, మురికి వదులుతోందని సంతోషిస్తాం. ఆ నురగ బండే కరిగి వచ్చే గ్యాస్. పాలిష్ పోయి తెల్లటి మచ్చ పడితే మళ్ళీ అరగదీయించడం తప్ప దారి లేదు. వంటింటి గట్టు మీద నిమ్మకాయ చెక్క బోర్లించి మరిచిపోతే పడే గుండ్రటి మచ్చ చూసే ఉంటారు, యాసిడ్ అదే పనిని వంద రెట్లు చేస్తుంది. అందుకని బండల మీద యాసిడ్ వద్దు, ఏ పద్ధతిలోనూ వద్దు. లైజాల్ రకం ఫ్లోర్ క్లీనర్ గానీ మామూలు లిక్విడ్ సబ్బు గానీ చాలు. నాజిల్ కూడా వెడల్పుది పెట్టి అడుగు దూరం నుంచి కొట్టండి, సన్న ధార కొట్టే ఎర్ర నాజిల్‌తో దగ్గర నుంచి కొడితే ఈ బండలు పొరలు పొరలుగా లేస్తాయి.

మిద్దె మీద పాచికి లిక్విడ్ బ్లీచ్ బాగా పనిచేస్తుంది, సీసా మీద రాసిన కొలతలోనే కలిపి చేత్తో చల్లండి. చుట్టూ కుండీల మొక్కలను ముందే బాగా తడపండి. కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి, ఇంకుడు గుంతకి వెళ్ళే పైపును ఆ పూటకి మళ్ళించండి, ఆవులు, మేకలు తాగే తొట్టిలోకి పోనివ్వకండి. బ్లీచ్‌తో యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసి ఉన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి చల్లినా అదే ప్రమాదం, మధ్యలో బాగా కడగకపోతే. మూత్రం వాసనున్న మూలల్లో, పశువుల కొట్టంలో నేరుగా బ్లీచ్ చల్లినా ఘాటు విషవాయువు పుడుతుంది, ముందు నీళ్ళతో కడిగేయాలి. గొంతు మండి దగ్గు ఆగకపోతే అంతా వదిలేసి గాలిలోకి రండి, ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయండి. కంట్లో పడితే 15 నిమిషాలు ఆగకుండా నీళ్ళు పోసి, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఫినైల్ గురించి చాలామంది అడుగుతారు. మెషీన్‌లో వద్దు. దాంట్లోని నూనెలకు రబ్బరును ఉబ్బించే గుణం ఉంది, పైగా అది వాసనకి, క్రిములకి పనికొస్తుంది గానీ మురికి వదిలించడంలో అంత గొప్పదేమీ కాదు. కడగడం అయ్యాక బకెట్‌లో కలిపి చల్లుకోండి.

మన ఎండల గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మిద్దె మీద ఏ క్లీనర్ చల్లినా రెండు నిమిషాల్లో ఎండి మరకవుతుంది, పొద్దున్నే పని ముగించుకోవాలి. ఇంకో కారణం కూడా ఉంది: చాలా ఇంటి మెషీన్లకు లోపలికి వెళ్ళే నీళ్ళు 40 డిగ్రీలు దాటకూడదు, నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో మధ్యాహ్నం నీళ్ళు ముట్టుకోండి, మీకే తెలుస్తుంది. కరెంటు విషయంలో ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా తడి నేల మీద ఈ మెషీన్ ఆన్ చేయొద్దు. కళ్ళద్దాలు, గ్లౌజులు, కాలికి బూట్లు. గన్ సరదాకి కూడా మనిషి వైపు తిప్పకండి, ఆ ధార చర్మంలోకి దిగితే పైకి చిన్న గీతలా కనిపించినా లోపల గాయం పెద్దది, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంత చెప్పినా సబ్బు డబ్బానే వాడాలనిపిస్తే, మెషీన్ కంపెనీ ఒప్పుకున్న డిటర్జెంట్ ఒక్కటే పోయండి, వేరేది పోసినట్టు తేలితే వారంటీ ఇవ్వకపోవచ్చు. పని అయ్యాక డబ్బా కడిగి మంచినీళ్ళు నింపి, రెండు నిమిషాలు సబ్బు నాజిల్‌తోనే వదలండి, స్విచ్ ఆపాక ట్రిగ్గర్ నొక్కి పైపులో మిగిలిన ప్రెషర్ వదిలేసి, డబ్బా ఖాళీగానే లోపల పెట్టండి.